ఉప్పు చూసే ఉద్యోగం

మా బంధువులకు తెలిసినంతలో నా ఒంట్లోంచి రెండు రాళ్ళు తీశారు. మొదటిది కిడ్నీలో రాయి, రెండోది పిత్తాశయంలో రాయి. నిజానికి నా కిడ్నీలు నిక్షేపంగా ఉన్నాయి, పిత్తాశయం జోలికి ఎవరూ పోలేదు. మొదటిసారి నా పొట్టలో బెలూన్ పెట్టారు. రెండోసారి పొట్టలో ముప్పాతిక భాగం కోసి తీసేశారు. రెండూ బరువు తగ్గడానికే. ఆ మాట బయటికి చెబితే "నోరు కట్టుకోలేక కోయించుకుందంట" అంటారని భయపడి ఆ రాళ్ళను నేనే పుట్టించాను. అందుకే మూడో ఆపరేషన్ గురించి ఆలోచించాల్సిన రోజు వచ్చినప్పుడు నాకు మొదట పట్టుకున్న బెంగ ప్రాణం గురించి కాదు. ఈసారి రాయి ఎక్కడుందని చెప్పాలి?

"అపెండిక్స్ మిగిలుండాది కదా" అన్నాడు మా ఆయన. ఆయన దగ్గర్లోని గార్మెంట్ ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టర్. ఏ సమస్యనైనా ఎంత గుడ్డ మిగిలింది అనే లెక్కలోనే చూస్తాడు.

మాది బొమ్మనహళ్ళిలో, హోసూరు రోడ్డు వెనక సందులో ఒక తినుబండారాల అంగడి. మా అవ్వ, అంటే మా నాయన తల్లి, ఒక పొయ్యి, ఒక బాణలితో మొదలుపెట్టింది. నాయన దాన్ని రెండు బాణళ్ళు చేశాడు. ఆయన పోయాక నేను మూడు చేశాను. నిప్పట్లు, అంటే చెక్కలు, మురుకులు, చేగోడీల్లాంటి కోడుబళ్ళు, కారాబూందీ. ఫ్యాక్టరీలు వదిలే వేళకు ఆడవాళ్ళు గుంపులుగా వచ్చి కొంటారు. మా అమ్మ ముందు గదిలో చిన్న స్టూలు మీద కూర్చుని ప్యాకెట్లు కడుతుంది. డెబ్భై నాలుగేళ్ళు. నాయన పోయినప్పటి నుంచి పూటకు ఒక ముద్ద తింటుంది, అదీ పోరగా పోరగా. ఒక ఇంట్లోనే ఒకరు తినడం లేదని, ఒకరు తినడం ఆపడం లేదని మా ఆయన ఇద్దరికీ కలిపి ఒకేసారి దిగులు పడుతుంటాడు.

ఇక నేను. ఆ అంగట్లో నా అసలు ఉద్యోగం ఉప్పు చూడటం. ప్రతి వాయిలో ఒకటి నోట్లో వేసుకుని ఉప్పు, కారం, కరకర సరిపోయాయో లేదో చెప్పాలి. నేను ఊఁ అంటేనే సరుకు గాజు బీరువాలోకి పోతుంది. ఇది నాకు నాయన ఇచ్చిన పని. అప్పుడు నాకు ఎనిమిదేళ్ళు. ఒకరోజు పొద్దున నన్ను బాణలి పక్కన పీట మీద కూర్చోబెట్టి, నిప్పట్టు ముక్క చేతిలో పెట్టి, "ఎట్లుండాదో చెప్పు పాపా" అన్నాడు. నేను నమిలి "ఉప్పు తక్కువ నాయనా" అన్నాను. ఆయన ఒక ముక్క కొరికి చూసి, కళ్ళు ఇంతింత చేసుకుని, అంగట్లో ఉన్న అందరికీ వినబడేలా అరిచాడు. "మా అమ్మ నాలుక దీనికొచ్చిందప్పో!"

చదువులో నన్ను ఎవరూ మెచ్చుకోలేదు. పాటలో అంతకంటే లేదు. నా జన్మలో నాకు వచ్చిన ఒకే ఒక బిరుదు అది. దాన్ని నేను నలభై ఏళ్ళు, ఆస్పత్రిలో ఉన్న రోజులు తప్ప, ఒక్కరోజు సెలవు లేకుండా నిలబెట్టుకున్నాను. శనివారం ఒక్కపొద్దు ఉంటాను, ఆ రోజు కూడా ఉప్పు చూస్తాను. ఉప్పు చూస్తే ఒక్కపొద్దు చెడదు, ఎందుకంటే అది తినడం కాదు. దేవుడు కూడా ఎప్పుడూ అభ్యంతరం చెప్పలేదు.

బెలూన్ సంగతి త్వరగా చెప్పేస్తాను, దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ తేన్పు వస్తుంది. గొంతులోంచి దించి పొట్టలో ఊదారు. ఆరు నెలలు అది లోపల అద్దెకున్నట్టు ఉంది. పదకొండు కిలోలు తగ్గాను. దాన్ని తీసేసిన ఏడాదికి పదమూడు పెరిగాను. ఆ రెండు కిలోలు బెలూన్ జ్ఞాపకార్థం అనుకున్నాను.

రెండోది నిజమైన ఆపరేషన్. పొట్టను పొడుగునా కోసి, కుట్లు వేసి, అరటికాయంత చేశారు. ఆపరేషన్ తర్వాత నాకు జ్వరం పట్టుకుని నాలుగు రోజులు తెలివి సరిగ్గా లేదు. ఆ నాలుగు రోజులూ అమ్మ ఆస్పత్రి వరండాలో చాప కూడా లేకుండా కూర్చుందని తర్వాత తెలిసింది. కానీ ఫలితం చూడాలి! ఏడాదిలో ముప్పై ఒక్క కిలో పోయింది. రవికలన్నీ రెండుసార్లు కుట్లు వేయించాను. ఒక బంధువుల గృహప్రవేశానికి వెళితే ఆడవాళ్ళంతా నన్ను మూలకు లాగి, గొంతు తగ్గించి, "షుగరా?" అని అడిగారు. మా వాళ్ళలో మనిషి సన్నబడితే షుగర్ అయినా అయ్యుండాలి, మొగుడితో గొడవైనా అయ్యుండాలి. నేను రెండూ కాదని, రాగి సంకటి, పొద్దున నడక, ఇంతే రహస్యం అని చెప్పాను.

ఆ అబద్ధం నా మీదికి వచ్చింది. మా సందులో ఏడుగురు ఆడవాళ్ళు పొద్దున్నే మా అంగడి ముందు వచ్చి నిలబడటం మొదలుపెట్టారు. నడకకు నేను ముందు నడవాలట. నడిచాను. మూడేళ్ళు నడిచాను. ఆ మూడేళ్ళలో వాళ్ళు ఏడుగురూ సంకటి తిని, నడిచి, నిజంగానే సన్నబడ్డారు. ముందు నడిచే నేను మాత్రం నెలనెలా లావవుతూ వచ్చాను. చివరికి ఒకావిడ జాలిపడి, "అక్కా, నువ్వు కూడా సంకటి తినకూడదా?" అంది. ఆ రోజుతో నడక మానేశాను, మోకాలి నొప్పి అని చెప్పి. ఇంకో ఆరు నెలలకు నిజంగానే మోకాలి నొప్పి వచ్చింది.

ఇంట్లోని బరువు మిషన్ ఒకరోజు నన్ను చూసి అంకె చూపించడం మానేసింది. శనగపిండి మూటలు తూచే కాటా మీద ఎక్కాను. తగ్గిన ముప్పై ఒకటిలో ఇరవై ఆరు తిరిగొచ్చాయి. మోకాళ్ళ డాక్టరు బరువు తగ్గందే మోకాళ్ళు ముట్టనన్నాడు. షుగర్ నిజంగానే వచ్చింది. గృహప్రవేశంలో అడిగిన ఆడవాళ్ళు వింటే సంతోషించేవాళ్ళు.

అలా బ్రూక్‌ఫీల్డ్ వైపున్న ఒక పెద్ద ఆస్పత్రికి వెళ్ళాం. సర్జన్ మెత్తటి మనిషి. కాగితం మీద నా పొట్ట బొమ్మ గీసి, దానికి పైన ఒక చిన్న సంచి గీసి, పేగును ఎక్కడో కోసి తెచ్చి ఈ సంచికి కలిపి, తిండి పాత దారిలో పోకుండా కొత్త దారిలో పోతుందని చెప్పాడు. బెంగళూరు మనిషిని కదా, నాకు వెంటనే అర్థమైంది. సిల్క్ బోర్డు కూడలి దగ్గర ట్రాఫిక్ వాళ్ళు ఎన్నిసార్లు దారి మళ్ళించలేదు? మళ్ళించిన ప్రతిసారీ ఏమైందో కూడా నాకు తెలుసు. అందుకే భయం వేసింది.

మా ఆయన ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తన వృత్తి అనుభవం బయటపెట్టాడు. "సార్, గుడ్డ ఒకసారి తప్పు కోస్తే సరిచేస్తాం. రెండోసారి తప్పు కోస్తే చిన్న సైజు చేస్తాం. మూడోసారి కోస్తే ఇంక జేబురుమాలే."

సర్జన్ నవ్వాడు. తర్వాత నవ్వకుండా చెప్పాడు. ఒకసారి కోసిన చోట మళ్ళీ కోయడం మొదటిసారి కోసినంత తేలిక కాదు. పాత కుట్ల చోట ఇబ్బందులు రావచ్చు. బరువు తిరిగి రావడం నా తప్పే అనుకోనక్కర్లేదు, కొందరి ఒళ్ళు పోయిన బరువును పట్టుబట్టి వెనక్కి లాక్కుంటుంది. అవసరమైతే తప్పకుండా చేస్తాడు. కానీ ముందు రెండు వారాలు నేను తిన్న ప్రతిదీ ఒక డైరీలో రాసి, వాళ్ళ డైటీషియన్‌కు చూపించాలి. నా తప్పు కాదన్న మాట వినగానే నాకు ఆ మనిషి కాళ్ళ మీద పడాలనిపించింది. మోకాళ్ళు ఒప్పుకోలేదు.

డైరీ నేను దేవుడి సాక్షిగా రాశాను. పొద్దున ఒక ఇడ్లీ. మధ్యాహ్నం గుప్పెడు అన్నం, పప్పు. సాయంత్రం కాఫీ. రాత్రి అర చపాతీ. నా పొట్టలో అంతకంటే పట్టదు కూడా. పద్నాలుగు రోజులు, పద్నాలుగు పేజీలు, ఒక్క అబద్ధం లేదు. అది చదువుతుంటే నా మీద నాకే జాలి వేసింది.

డైటీషియన్ కర్నూలు వైపు అమ్మాయి. పాతికేళ్ళుంటాయి. డైరీ మొదటి నుంచి చివరికి తిప్పి, మళ్ళీ చివరి నుంచి మొదటికి తిప్పింది.

"మేడమ్, ఇది కరెక్టుగా రాశారా?"

"మా నాయన మీద ఒట్టు."

"దీని ప్రకారమైతే మీరు ఫుల్ వీక్ అయిపోవాలి మేడమ్. ఇద్దరు పట్టుకుని తీసుకురావాలి మిమ్మల్ని."

"అందుకే గదమ్మా, నా ఒంట్లోనే ఏదో తేడా ఉండాది అని చెప్తున్నా."

ఆ అమ్మాయి డైరీ మూసి పక్కన పెట్టింది. "తిన్నది వదిలేయండి. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏమేం పని చేస్తారో చెప్పండి."

నా పని గురించి ఎవరైనా అడిగితే నాకు ఉత్సాహం. చెప్పుకుంటూ పోయాను. "ఆరింటికి పిండి కలుపుతారు. పిండిలో ఉప్పు చూస్తా. ఆరున్నరకు నిప్పట్ల మొదటి వాయి దిగుతుంది. ఒకటి చూస్తా. బాగా లేకుంటే, సరి చేసినారా అని రెండో వాయిలో చూస్తా. బాగుంటే, అదే పదును నిలిచిందా అని రెండో వాయిలో చూస్తా."

"అంటే ఎలాగైనా రెండో వాయిలో చూస్తారు."

"చూడాల గదమ్మా. ఆ తర్వాత కోడుబళ్ళు. కోడుబళె అంటే బయట ఒక రకంగా ఉంటుంది, లోపల ఒక రకంగా. అది ఒకటితో తేలేది కాదు."

"నోట్లో వేసుకుంటారా?"

"ఏసుకోకపోతే ఎట్ల తెలుస్తుంది?"

"తర్వాత ఉమ్మేస్తారా?"

నాకు కోపం వచ్చింది. "తిండిని ఎవురన్నా ఉమ్ముతారామ్మా? నువ్వు ఏ ఊరి పిల్లవి?"

"సో, మింగుతారు."

"మింగుతా."

"రోజుకి ఎన్ని వాయిలు మేడమ్?"

నేను పైకి చూసి లెక్క వేయడం మొదలుపెట్టాను. మూడు బాణళ్ళు, పొద్దున, మధ్యాహ్నం, మళ్ళీ ఫ్యాక్టరీలు వదిలే ముందు. లెక్క తెగలేదు.

"మరి ఇవన్నీ డైరీలో ఎందుకు రాయలేదు?"

"అది తినేది కాదమ్మా" అన్నాను ఓపిగ్గా, చిన్నపిల్లకు చెప్పినట్టు. "అది డ్యూటీ."

ఆ అమ్మాయి పెన్నుకు మూత పెట్టింది. తర్వాత చెప్పింది. అన్నం, పప్పు లాంటివి నా అరటికాయంత పొట్టను వెంటనే నింపేస్తాయట. వేయించినవి మాత్రం నమలగానే పొడైపోయి, ఆగకుండా జారిపోతాయట. రోజంతా కొంచెం కొంచెంగా వేస్తే ఎంతైనా పడుతుందట. కానీ నేను ఒప్పుకోలేదు. గోరంత ముక్కలకు కొండంత ఒళ్ళు ఎలా వస్తుంది? దాంతో ఆ అమ్మాయి ఒక పరీక్ష పెట్టింది. ఒక్కరోజు. నేను నోట్లో ఎంత ముక్క వేసుకుంటే అంతే ముక్క ఇంకొకటి ఒక డబ్బాలో వేయాలి. మర్నాడు ఆ డబ్బా తీసుకురావాలి.

ఇంట్లో ఉన్న డబ్బాల్లో చిన్నది తీశాను, ఎర్ర మూత డబ్బా. అమ్మ దాన్ని చూసి పెదవి విరిచింది. "అది సాలదే పాపా. పెద్దది తీసుకో." నేను వినలేదు. పొద్దున తొమ్మిదికి డబ్బా సగమైంది. పదకొండుకు నిండింది. ముక్కల మధ్య ఖాళీ ఉందని డబ్బాను నేలకేసి తట్టి సర్దాను. మధ్యాహ్నానికి పిండి పోసుకునే పెద్ద డబ్బాలోకి మార్చాను. మూడో బాణలి దగ్గర మా వంట మాస్టర్ ఆ డబ్బాను చూసి, "అక్కా, ఈ ఆర్డర్ ఎవురికి?" అని అడిగాడు. సాయంత్రం ఆరింటికి ఆ డబ్బా మూత మీద కూర్చుని నొక్కి పెట్టాల్సి వచ్చింది. నేను కూర్చున్నాను కాబట్టి బాగానే పడింది.

ఆ రాత్రి నాకు సిగ్గేసింది. నిజంగా. అన్ని ముక్కలు విడివిడిగా ఎప్పుడు లోపలికి పోయాయో నాకు తెలియదు. ఒక్కటి కూడా ఆకలితో తినలేదు, ఇష్టంతో కూడా తినలేదు.

మర్నాడు డబ్బా ఒళ్ళో పెట్టుకుని, మా ఆయనతో కలిసి అద్దె కారులో బ్రూక్‌ఫీల్డ్ బయల్దేరాను. మారతహళ్ళి వంతెన ముందు బండ్లు ఆగిపోయాయి. ముప్పావుగంటలో మూడు అడుగులు కదిలాం. ఎండకు డబ్బా వేడెక్కి, కారంతా ఓమ వాసన. అప్పుడు నాకు ఒక న్యాయమైన అనుమానం వచ్చింది. రాత్రంతా నిలవున్న సరుకు కదా, మెత్తబడి ఉంటుందా? మూత తీసి ఒకటి చూశాను. మెత్తబడలేదు. కింద ఉన్నవి మెత్తబడి ఉంటాయేమోనని కిందివి చూశాను. మా ఆయన కూడా రెండు చూశాడు. డ్రైవరు వెనక్కి తిరిగి చూస్తుంటే అతనికీ పెట్టాం. ఆస్పత్రి గేటు దగ్గర దిగేసరికి డబ్బా సగానికి కొంచెం కిందికి ఉంది.

డైటీషియన్ దాన్ని చిన్న కాటా మీద పెట్టి, కనుబొమలు ఎత్తింది. "పర్లేదే మేడమ్! నేను ఇంకా చాలా ఎక్కువ ఎక్స్‌పెక్ట్ చేశా."

నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. ఆ కాగితంతో సర్జన్ దగ్గరికి పోయి, నా తప్పేమీ లేదని ఇంకోసారి చెప్పించుకుని, తేదీ తీసుకునేదాన్ని. కానీ తల వంచి చూస్తే నా చీర కుచ్చిళ్ళ నిండా నిప్పట్టు రవ్వ. "దారిలో" అన్నాను. "ట్రాఫిక్‌లో... డబ్బాలో ఉప్పు చూసినా."

ఆ అమ్మాయి బల్ల మీద తల పెట్టి నవ్వింది. నేనూ నవ్వాను, ఏం చేయను? మా ఆయన గోడ మీది బొమ్మ చూస్తున్నట్టు నటించాడు. నవ్వు అయ్యాక ఆ అమ్మాయి కళ్ళు తుడుచుకుని, మామూలు గొంతుతో చెప్పింది. "మేడమ్, మీరు ఆ ఉప్పు చూసేది ఆపకపోతే మూడో ఆపరేషన్ చేసినా వేస్టే. అది ఆపి మూడు నెలలు చూద్దాం. తగ్గితే కోసే పనే ఉండకపోవచ్చు. తగ్గకపోతే సార్ చేస్తారు, అందులో తప్పేం లేదు. కానీ ఆ పని మాత్రం మానాలి."

అంటే పొట్టో, ఉద్యోగమో. రెండింట్లో ఒకటి వదులుకోవాలి. తిరుగు దారిలో డబ్బా మా ఆయన ఒళ్ళో ఉంది, నాకు ముట్టబుద్ధి కాలేదు. బొమ్మనహళ్ళి వచ్చేసరికి నేను నిర్ణయించుకున్నాను. కోయించుకుంటాను. కత్తి అంటే నాకు భయమే. ఆ నాలుగు రోజుల జ్వరం గుర్తొస్తే ఇప్పటికీ చెమటలు పడతాయి. అయినా పొట్టలో ఎంత తీసినా నేను నేనే. ఆ పని తీసేస్తే ఆ అంగట్లో నేనెవరు? మూడు బాణళ్ళ పక్కన పనీపాటా లేకుండా కూర్చున్న లావుపాటి ఆడమనిషిని.

అమ్మ ప్యాకెట్లు కడుతోంది. ఆమె ముందు కూలబడి అంతా చెప్పాను. చివర్లో గొంతు కూడా కొంచెం పెంచాను. "నాయన ఇచ్చిన పని అమ్మా ఇది. అవ్వ నాలుక నాకొచ్చింది అన్నాడు. అవ్వ మానిందా? నాయన మానినాడా? నేనెట్ల మానేది? ప్రాణం పోయినా సరే."

అమ్మ దారం తెంపి, ముడి వేసి, ప్యాకెట్ పక్కన పెట్టింది. "మీ అవ్వ యాడ నోట్లో ఏసుకునిందే?" అంది.

"అంటే?"

"మొదటి వాయి దేవుని ముందర పెట్టేదాకా మీ అవ్వ పచ్చి నీళ్ళు తాగేది కాదు. ఆ తర్వాత కూడా ముట్టేది కాదు. నిప్పట్టు ఇరిసి చెవి కాడ పెట్టుకునేది. వాసన చూసేది. ఉప్పు తక్కువో ఎక్కువో చెప్పేసేది. పదేండ్లు ఆమె పక్కన పిండి పిసికినా నేను. ఆమె ఒక్క నిప్పట్టు కొరికింది చూడలే."

"మరి నాయన ఎందుకట్ల చెప్పినాడు?"

అమ్మ ఇంకో సంచీ తీసుకుంది. "చెప్పక ఏం చేస్తాడు? ఆ ఏడు నీకు కామెర్లు వచ్చి తగ్గినాయి. అన్నం చూస్తేనే ఏడుస్తా ఉంటివి. చేతులు పుల్లలు మాదిరి ఉండె. బతుకుతావో లేదో అని మీ నాయన స్తంభం చాటున పోయి ఏడ్చేటోడు. తినమంటే తినవు. పని చెప్తే మాత్రం యాడున్నా లేచొస్తావు, పుట్టింది మొదులు అంతే నువ్వు. అందుకని పని చెప్పినాడు."

"ఉప్పు తక్కువ అని నేను కనుక్కున్నా కదమ్మా! నిజంగానే తక్కువ ఉండె కదా?"

"తక్కువ గాక? ఆ వాయిలో ఉప్పే ఏయద్దు అన్నాడు నాతో. నేనే కలిపితి పిండి. మరుసటి రోజు కారం ఏయలే. ఆ మరుసటి రోజు ఓమ. నువ్వు పసిగట్టడం, ఆయప్ప ఎగరడం. పసిగట్టేకి రోజూ నాలుగు ముక్కలు తింటా వస్తివి. రెండు నెలలకు బుగ్గలొచ్చె."

బాణలి ముందు నాయన కళ్ళు ఇంతింత చేసుకున్న ముఖం గుర్తొచ్చింది. అది ఆశ్చర్యం అనుకున్నాను ఇన్నాళ్ళూ. ఆయన చూసింది నేను ఆ ముక్క మింగానా లేదా అని. నలభై ఏళ్ళు నేను చేసింది ఉద్యోగం కాదు. అది నాయన పెట్టిన మందు. జబ్బు తగ్గాక మందు ఆపమని ఎవరూ చెప్పలేదు, అంతే.

ఏడుపు వచ్చింది, ఏడ్చాను. తర్వాత కోపం వచ్చింది. "ఇన్నేండ్లూ ఎందుకు చెప్పలేదమ్మా? రెండుసార్లు పొట్ట పాడు చేసుకుంటిని!"

"నువ్వు ఆస్పత్రికి పోయి బెలూన్ పెట్టించుకుంటే, నిప్పట్ల వల్ల అని నాకెట్ల తెలుస్తుంది?" అంది అమ్మ. "ఆపైన, మా అమ్మ నాలుక దీనికొచ్చింది అని మీ నాయన పోయేదాకా అందరికీ చెప్పుకునె. చివరకి ఆయప్ప కూడా నమ్మేసినాడు."

ఇది జరిగి మూడు నెలలు దాటింది. సర్జన్ దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. ఏడు కిలోలు తగ్గాను. ఆయన తేదీ ఇవ్వలేదు. ఇదే తీరుగా పోతే చూద్దాం, కత్తి ఎక్కడికీ పారిపోదు అన్నాడు. నేను సన్నబడతానని ఇక్కడ ఎవరికీ మాట ఇవ్వడం లేదు, ఒకసారి సంకటి మాట చెప్పి ఏడుగురిని సన్నబరిచాను, చాలు. అపెండిక్స్ రాయి మాత్రం ఇంకా వాడకుండా అలాగే ఉంది.

అయితే ఆ మొదటి వారం అంగట్లో జరిగిన ఘోరం చెప్పాలి. నేను అవ్వలాగే నిప్పట్టు విరిచి చెవి దగ్గర పెట్టుకున్నాను. టక్కుమంది. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. నిప్పట్టు వాసన వచ్చింది. అంతకంటే ఆ నిప్పట్టు నాతో ఏమీ చెప్పలేదు. సరిగ్గా ఉందని నమ్మి బీరువాలోకి పంపాను. సాయంత్రం ఫ్యాక్టరీ ఆడవాళ్ళు వచ్చి, "ఏమక్కా, ఈపొద్దు సముద్రం నీళ్ళతో కలిపినారా పిండి?" అన్నారు. ఉప్పు రెండుసార్లు పడిందట. అవ్వకు ఉన్న ముక్కు నాకు రాలేదు. నాకొచ్చింది నాయన మొండితనం ఒక్కటే.

అంటే అంగడికి ఒక నాలుక కావాలి. నాది కాకుండా.

మర్నాడు పొద్దున నిప్పట్ల పిండి నేనే కలిపాను. మాస్టర్‌ను అటు తిరగమన్నాను. మొదటి వాయి దిగాక ఒకటి తీసి, రెండు ముక్కలు చేసి, బాదం ఆకులో పెట్టుకుని ముందు గదికి వెళ్ళాను. అమ్మ స్టూలు మీద కూర్చుని దారం సర్దుకుంటోంది. ఇడ్లీ పక్కన అలాగే ఉంది, మూల తుంచి వదిలేసింది.

"అమ్మా, నా పని పాయె. నువ్వే చూడాల ఇంక. ఎట్లుండాదో చెప్పు."

అమ్మ నా ముఖం చూసింది, ఆకు చూసింది. ఒక ముక్క తీసుకుని, కట్టుడు పళ్ళతో మెల్లగా, చాలాసేపు నమిలింది. నేను ఆమె గొంతు వైపే చూస్తూ నిలబడ్డాను. మింగింది.

"ఉప్పు తక్కువ" అంది.

"అవునా? నాకు తెలీనే తెలీదే!" అన్నాను, కళ్ళు ఇంతింత చేసుకుని.

అమ్మ పమిట చెంగుతో మూతి తుడుచుకుంది, తర్వాత కళ్ళు కూడా తుడుచుకుంది. "అచ్చం మీ నాయనవే" అంది. ఆకు కోసం చెయ్యి చాపింది.

"ఆ రెండో ముక్క కూడా ఇట్లియ్యి. ఒకదాంతో తేలేట్టు లేదు."